పిల్లలకోడికి కాపలా

చీకట్లో అడుగు చప్పుడు వింటే చాలు, నడిచేది ఎవరో పేరు పెట్టి పిలవగలను నేను. మా ఊళ్ళోనే కాదు, పుంగనూరు నుంచి మదనపల్లె దాకా రోడ్డుకి రెండు పక్కలా వెతికినా ఇలాంటి చెవులున్న మనిషి ఇంకొకడు దొరకడు. తాగినవాడి నడక వేరు, పెళ్ళాంతో పోట్లాడి బయటికొచ్చినవాడి నడక వేరు, దొంగ నడక వేరు. ఒకసారి టమోటా తోటలో కాపలా పడుకుని, దుప్పటి మొహం మీంచి తియ్యకుండానే, "కోసింది చాల్లే గోవిందూ, చెప్పులు మర్చిపోకుండా తొడుక్కుని పో" అన్నాను. బుట్ట అక్కడే పారేసి పరుగెత్తాడు. చెప్పులు మాత్రం మర్చిపోలేదు.

ఈ చెవుల సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మొన్న చలికాలం నాలుగు నెలలూ మా అల్లుడి మీద నేను కాపలా కాసింది వీటిని నమ్ముకునే.

మా అల్లుడు యువరాజ్ కుప్పంలో ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. మా సుష్మకి ఇక్కడ మా ఊరి సచివాలయంలో ఉద్యోగం. అందుకని అమ్మాయి మా దగ్గరే ఉంటుంది. అల్లుడు శనివారం సాయంత్రం రెండు బస్సులు మారి వస్తాడు, సోమవారం తెల్లారకముందే పోతాడు. మూడేళ్ళుగా ఇదే వరస. మనిషి మంచివాడో కాదో నాకు తెలియదు, తెలిసేలా మాట్లాడితే కదా! నేను ఎంత గొప్ప కథ చెప్పినా "ఊ" అంటాడు. నా కథకి నవ్వని మనిషిని నమ్మడం నాకు చాతకాదు.

కార్తీకం చివర్లో ఒక గురువారం నాడు దిగాడు. వీపున పెద్ద సంచి, చేతిలో మోయలేని పెట్టె.

"ఏమప్పా, ఈ పొద్దు గురువారం కదా?" అన్నాను.

"లీవు పెట్టినా మామా."

"ఎవురికన్నా ఒళ్ళు బాగలేదా?"

"లేదు మామా. ఊరికే."

ఊరికే వచ్చిన మనిషి పొద్దుగూకగానే పెట్టె భుజాన వేసుకుని మా మెట్ట చేనుకేసి నడిచాడు. తొమ్మిదిన్నరకి తిరిగొచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. సుష్మ ఏదో అడిగితే తల అడ్డంగా ఊపాడు. నేను గోడనున్న క్యాలెండరు చూశాను. అమావాస్య.

మార్గశిరం చివర్లో మళ్ళీ వచ్చాడు. ఈసారి శుక్రవారం. క్యాలెండరు చూశాను. అమావాస్య. శనివారం రావలసిన అల్లుడు అమావాస్యకి రావడం మొదలుపెడితే ఏ మామకి నిద్ర పడుతుంది?

ఇక్కడ ఏనుగు గుండు గురించి చెప్పాలి. మా మెట్ట చేలో మూడు నిలువుల ఎత్తు బండ ఒకటి ఉంది, పడుకున్న ఏనుగు లాగా. దాని కింద ఏడు బిందెల బంగారం ఉందని, పూర్వం ఒక పాలెగాడు పారిపోతూ పూడ్చిపెట్టాడని, పడగ మీద వెంట్రుకలు మొలిచిన పాము దానికి కాపలా ఉందని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలియక ఏం, చెప్పింది నేనే. నలభై ఏళ్ళ కింద కృష్ణప్ప గొర్రెలు నా చెనక్కాయ చేలో పడి మేస్తుంటే, అరిచీ తిట్టీ లాభం లేక అల్లిన కథ అది. పాము దెబ్బకి గొర్రెలు ఆగిపోయాయి. కథ మాత్రం ఆగలేదు. ఏడాదికో బిందె పెరిగింది. చెప్పీ చెప్పీ నాకే సగం నమ్మకం కుదిరింది.

లేని నిధి తవ్వుకుంటే మనకేం పోయింది అంటారేమో. మా సీమలో నిధి కోసం తవ్వాడన్న పేరు పడితే చాలు, వెనకే నిమ్మకాయలనీ, బలులనీ పది మాటలు పుడతాయి. ముందు ఊరు కొడుతుంది, తర్వాత పోలీసులు తీసుకుపోతారు. అల్లుడి ఉద్యోగం పోతుంది. మా సుష్మ సంసారం ఏమవుతుంది? అదీ నా బాధ. ఇంకొక బాధ కూడా ఉంది, దాస్తే పాపం: నా నిధిని వేరేవాడు తవ్వడమేమిటి?

ఆ శుక్రవారం సాయంత్రం పెట్టె మోసుకుపోతూ యువరాజే నా దగ్గర ఆగాడు. వాడంతట వాడు ఆగి నన్ను ఒక మాట అడగడం పెళ్ళయ్యాక అదే మొదలు.

"మామా, గుండుకాడ్నించి ధ్రువ నక్షత్రం అగుపిస్తాదా? మనకి బాగా కిందకుంటాదంట."

నిధి కొలతలు ధ్రువ నక్షత్రం నుంచే కొలుస్తారని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, నేనే ఒక కథలో చెప్పాను. చేనుకి వాడితో పాటు నడిచాను. ఉత్తరాన రెండు కొండల మధ్య సందులో మసగ్గా ఒక చుక్క ఉంది, అది అసలుది. దానికి కొంచెం కుడి పక్కన, కొండ నెత్తిన, సెల్ టవరు దీపం తళతళలాడుతోంది.

"అదో, ఆ తెల్లంగా మెరిసేది. అదే ధ్రువుడు" అని టవరు దీపం చూపించాను.

"నిజంగా థాంక్స్ మామా" అన్నాడు. పాపం, కుప్పం టౌనులో పుట్టినవాడు.

మర్నాడు వాడు లేవకముందే గుండుకాడికి పోయి చూశాను. గుండుకి తూర్పున, పుంగనూరు దీపాల వెలుగు తగలని పక్కన, మెత్తటి దుక్కిలో మూడు చదునైన రాళ్ళు పాతి ఉన్నాయి, ముక్కోణంగా. ఒక్కొక్క రాయి మీద ఎర్రటి బొట్టు. గోటితో గీకి చూశాను. కుంకుమ కాదు, ఎండిన నెత్తురు లాగా గట్టిగా ఉంది. వేలు పంచెకి తుడుచుకుని, ఎందుకైనా మంచిదని వెనక్కి తిరక్కుండా ఇంటికొచ్చాను.

అన్నాల దగ్గర నోరు ఊరుకోలేదు. యువరాజ్ బజారుకి పోయున్నాడు.

"అమ్మా సుష్మా, మీ ఆయనకి అమావాస్యనాడు చేన్లో ఏం పని?"

"పనుండాది నాయినా."

"ఏం పని?"

"నీకు చెప్పే పని కాదు."

"మంచి పనైతే పగలు చెయ్యచ్చు కదా? అమావాస్య యాల? ఎర్ర బొట్లు యాల?"

సుష్మ చెయ్యి కడిగేసుకుంది. సగం అన్నం కంచంలోనే ఉంది. లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చి టీవీ కింద అరలో పెట్టింది.

"కుప్పానికి బదిలీ అడిగే ఫారం ఇది. నింపి పెట్టినా, సంతకమొకటే బాకీ. నా మొగుడు ఈ ఇంటికొస్తే దొంగని సూసినట్ల సూస్తాండావు నువ్వు. ఇంకొక్కసారి ఆ సూపు సూస్తే సంతకం పెట్టి ఇచ్చేస్తా. మాఘమాసం ఆఖరు దాకా టైముండాది."

మా ఆవిడ చిన్నమ్మ మధ్యలో మాట్లాడలేదు. చిన్నమ్మ మాట్లాడటం తక్కువ, మాట్లాడితే నిజం. పాలకేంద్రంలో ఎవరి పాలు ఎన్ని లీటర్లన్న గొడవొస్తే, "చిన్నమ్మ చూసిందా? ఆమె ఏం చెప్తే అదే" అంటారు. నేనూ ఆమే ఒకే ఇంట్లో యాభై రెండేళ్ళు ఎట్లా బతికామో మా ఊరికి ఇప్పటికీ అర్థం కాదు.

పుష్యం అమావాస్య ఆదివారం పడింది. ఆ సాయంత్రం వంటింట్లోకి తొంగిచూస్తే, చిన్నమ్మ పెనం మీద రాళ్ళుప్పు వేయిస్తోంది. పక్కన ఎర్ర గుడ్డ పరిచి ఉంది.

"ఏమ్మే, మోకాళ్ళ నొప్పులా?"

"ఉప్పు కాపడం యాల పెడతారు? నొప్పులకే కదా?" అంది. అవుననలేదు, కాదనలేదు. నేను గమనించలేదు.

ఆ రాత్రి మంచు బాగా పడింది. యువరాజ్ తొందరగానే తిరిగొచ్చి పడుకున్నాడు. పొద్దున గుండుకాడ చూస్తే అదే ఎర్ర గుడ్డ, అదే ఉప్పు మూట, చల్లబడి రాళ్ళ మధ్యలో పడి ఉంది. మా ఇంటి ఉప్పు! చిన్నమ్మ చేత్తో వేయించిన ఉప్పు! మాయమాటలు చెప్పి అమాయకురాలిని కూడా కలుపుకున్నాడన్నమాట.

ఇక ఆగలేక పుంగనూరు పోయాను. బస్టాండు వెనక ముక్తియార్‌కి లేతు మిషన్ ఉంది. అల్లుడు ఆ షాపులోంచి రావడం చూశానని మా ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు చెప్పారు. ముక్తియార్ మా పాత మనిషి, మా బోరు మోటారుకి ఎన్నిసార్లు బుషులు తిప్పాడో లెక్కలేదు.

"మీ దామాద్ వచ్చిన మాట నిజమే అంకయ్యన్నా" అన్నాడు ముక్తియార్, టీ తెప్పించి. "రెండు రింగులు తిప్పించుకున్నాడు. ఫస్ట్ క్లాసుగా కుదిరినాయి. పెద్ద గొట్టం మీద చిన్న గొట్టం కూచోబెట్టాలంట."

"గొట్టం మీద గొట్టమా? తుపాకీనా?"

"అరె, నై నై!"

"భూమిలో బంగారం కనిపెట్టే యంత్రమా?"

"అదంతా అడగొద్దన్నా. చెప్పనని మాటిచ్చినా."

"నాక్కూడానా?"

ముక్తియార్ టీ గ్లాసులోకి చూసుకుంటూ నవ్వాడు. "అన్నా, ముఖ్యంగా నీకే చెప్పొద్దన్నాడు."

ఇంకేం కావాలి సాక్ష్యం?

మాఘం మొదట్లో మదనపల్లె టమోటా మార్కెట్టులో కాయ దించి, వేలం కోసం క్రేట్ల మీద కూర్చున్నాం నేనూ కృష్ణప్పా. కృష్ణప్ప ఇప్పుడు గొర్రెలు మానేసి నాలాగే టమోటా పెడుతున్నాడు. వేలం మొదలవడానికి ఇంకా గంట ఉంది. గంటసేపు కథ చెప్పకుండా కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. నీకొక్కడికే చెబుతున్నా అని మొదలుపెట్టి, అమావాస్య, మూడు రాళ్ళు, ఎర్ర బొట్లు, ఉప్పు మూట, రెండు గొట్టాల యంత్రం అన్నీ చెప్పేశాను. రాళ్ళ మధ్య పాము కుబుసం కూడా ఉందన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, కథకి అక్కడ కుబుసం కావలసొచ్చింది.

కృష్ణప్ప కళ్ళు ఈ టమోటాలంత అయ్యాయి. "నా గొర్రెల్ని నలభై ఏండ్లు ఆడికి పోనీకుండా పెట్టుకుంటిని గదప్పా ఆ పాముకి బయపడి! నిన్నగాక మొన్నొచ్చిన అల్లుడు తవ్వుకోని పోతాడా?"

"నెమ్మదిగా మాట్లాడు. తవ్వుతుండగా పట్టుకుంటే తప్ప నిజం బయటపడదు. మంగళవారం అమావాస్య. ఎనిమిది గంటలకి గుండుకాడికి రా. ఒక్కడివే రా."

"నేనొక్కడినే వస్తా" అని నా చేతిలో చెయ్యి వేశాడు.

మంగళవారం యువరాజ్ మధ్యాహ్నానికే వచ్చాడు. ఆకాశం చీకటి పడకముందే కడిగినట్టు ఉంది. వాడు అన్నం కూడా తినకుండా పోయాడు. నేను ఇంకొక దారిన పోయి చొప్ప వామి వెనక నక్కాను. ఏడున్నర అయ్యుంటుంది. గుండు పక్కన ఒక ఎర్రటి చిన్న దీపం, దాని పక్కన వంగిన నీడ. గుయ్యిమని ఏదో సన్నటి చప్పుడు. పైన నెత్తికి కొంచెం పడమరగా పిల్లలకోడి, అదే కృత్తిక, కోడి చుట్టూ పిల్లలు మూగినట్టు ఆ ఆరు చుక్కల గుంపు. రాత్రిళ్ళు బోరు మోటారు వేసి నీళ్ళు కట్టే రోజుల్లో టైమెంతైందో దాన్ని చూసే చెప్పేవాణ్ణి.

అప్పుడు వినిపించింది అడుగు చప్పుడు.

చెవులు రిక్కించాను. మగమనిషి. నలభై ఏళ్ళుంటాయి. కుడికాలు కొంచెం ఈడుస్తాడు. తోలు చెప్పులు. చేతిలో బరువుంది, గడ్డపారో పలుగో. మా ఊరి మనిషి కాదు, ఆ నడక తమిళనాడు పక్కది. మంత్రగాడే! నా పక్క నుంచి దాటబోతుండగా ఒక్క దూకు దూకి నడుం పట్టుకున్నాను.

"అయ్యో నా నడుమో! ఇడువయ్యా, నీ చేతులు ఇరగ!"

చిన్నమ్మ. యాభై రెండేళ్ళుగా మా ఇంట్లో తిరుగుతున్న నడక. ముళ్ళున్నాయని నా చెప్పులు తొడుక్కొచ్చింది. చేతిలో టీ ఫ్లాస్కు, వేడివేడి ఉప్పు మూట. ఇదీ నా చెవుల గొప్ప. కావాలంటే ఈ కథ మొదటి పేరా కొట్టేసుకోండి.

"ఏమ్మే, నువ్వు కూడా వీడితో కలిసి..."

"ఏం కలిసేది? ఫోటో దించుతాండాడు బిడ్డ, ఆ సుక్కల్ని! మంచుకి అద్దం సెమ్మగిల్లితే ఉప్పు మూట కట్టమన్న్యాను. పోయిన అమావాస్యకి మూట సల్లారిపోయి అంతా పాడైపోయ. అందుకే ఈసారి రెండో మూట తెస్తాండా. దా, సూద్దువుగాని. మెల్లగ నడువు."

పోయాను. మూడు రాళ్ళ మీద మూడు కాళ్ళ స్టాండు నిలబడి ఉంది. దాని మీద పెద్ద గొట్టం, పెద్ద గొట్టం మీద ముక్తియార్ రింగుల్లో చిన్న గొట్టం. కింద గోతంపట్ట మీద ల్యాప్‌టాప్, దాని మీద ఎర్ర కాగితం అంటించి ఉంది. యువరాజ్ నన్ను చూసి లేవబోయి, లేస్తే నేల కదులుతుందని మళ్ళీ కూర్చున్నాడు.

"ఎర్ర బొట్లేందప్పా?" అన్నాను. నోటికి ముందు అదే వచ్చింది.

"సుష్మ గోళ్ళ రంగు మామా. కాళ్ళు పోయినసారి పెట్టిన సోటే మళ్ళా పెట్టాల కదా, గుర్తు."

తెరమీద నల్లగా ఉంది. మధ్యలో ఒక పెట్టె, పెట్టెలో ఒకే ఒక తెల్లటి చుక్క. పక్కన ఒక గీత, రవ్వంత పైకీ కిందకీ ఆడుతూ పోతోంది.

"ఇది కాపలా సుక్క మామా. సిన్న గొట్టం దీన్ని తప్ప ఇంక దేన్నీ సూడదు. రెప్ప వెయ్యదు. ఆకాశం తిరుగుతా ఉంటాది కదా, దాని ఎంబడే ఈ మోటరు గొట్టాల్ని తిప్పుతా ఉంటాది. ఇసుక రవ్వంత తప్పినా ఆ సుక్క పెట్టెలో పక్కకి జరుగుతాది. ఎంటనే సిన్నది మోటరుకి సెప్తాది, మోటరు సర్దుకుంటాది. పెద్ద గొట్టంలో కెమెరా మాత్రం మూడు నిమిసాలు కదలకుండా ఎలుగు తాగుతాది. అట్లాంటి ఫోటోలు ఇరవై కావాల."

"ఎవురి ఫోటో?"

"పిల్లలకోడి."

"దాన్ని నేను పుట్టినకాడ్నించి సూస్తాండా."

"నువ్వు సూడంది కొంచెం ఉండాది మామా. కోడి సుట్టూ నీలం పొగ. కంటికి రాదు."

నా జీవితంలో నాకంటే నెమ్మదిగా కథ చెప్పి నన్ను కూర్చోబెట్టినవాడు ఇతనే. ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. వాడు తెర మీంచి కన్ను తియ్యలేదు.

"కార్తీకంలో సుక్కలన్నీ గీతలైనాయి, వానపాముల మాదిరి. నీకు సెప్పింటే? పుంగనూరు సంతలో అల్లుడు ఆకాశంలో వానపాముల్ని పట్టినాడని కథైపోయుండేది. ఒక్కటన్నా మంచిది వచ్చినాక నీకే ముందు సూపిద్దామని."

"మార్గశిరంలో?"

"మోటరు సరిగ్గా తిరగాలంటే ముందు ఉత్తరానికి గురి పెట్టాల, అది తప్పింది. ధ్రువ నక్షత్రం అనుకోని టవరు లైటుకి పెట్టినా."

ఎవరు చూపించారో చెప్పలేదు. చీకటి కాబట్టి నా మొహం ఎవరూ చూడలేదు.

"ఈ పొద్దు కుదిరింది మామా. నాలుగు అయినాయి. ఈ అమావాస్య దాటితే కోడి పడమటికి వాలిపోతాది. మళ్ళా కార్తీకం దాకా లేదు."

సరిగ్గా అప్పుడు దారి మీద మోటారు సైకిళ్ళు వినిపించాయి. ఆ చప్పుడు ఎవరిదో కనిపెట్టడానికి గొప్ప చెవులు అక్కర్లేదు. నేను పిలిచినవాళ్ళదే.

ఒక్కడే వస్తానన్న కృష్ణప్ప ఇంకో నలుగురితో వచ్చాడు. కర్రలున్నాయి. హెడ్‌లైట్లు గుండు మీద పడ్డాయి, గొట్టాల మీద పడ్డాయి, యువరాజ్ కళ్ళలో పడ్డాయి. "ఐదోది పోయింది" అన్నాడు వాడు, ఎవరితోనో కాదు, తనలో తనే.

"ఏమప్పా అంకయ్యా! పట్టుకున్యావా?" అని అరిచాడు కృష్ణప్ప. "నువ్వు సెప్పినట్లే ఉండాదే యంత్రం! తవ్వినాడా? యాడ తవ్వినాడు?"

వాళ్ళ వెనకే సుష్మ పరుగెత్తుకొచ్చింది. ఇంటి ముందు నుంచి కర్రలతో పోతుంటే చూసి వచ్చినట్టుంది, కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో మడిచిన కాగితం. మా అల్లుడి వైపు పోలేదు, నా దగ్గరకొచ్చి నిలబడింది.

"నాయినా, వీళ్ళని నువ్వే పిలిచినావంట. నిజమేనా?"

యువరాజ్ తల తిప్పి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ధ్రువుణ్ణి చూపించమని అడిగిన రోజు చూసినట్టే చూశాడు.

"తవ్వకాలని ఫోన్ కొట్టినామంటే గంటలో వస్తారు పోలీసోళ్ళు" అంటున్నాడు కృష్ణప్ప. "ఆస్పత్రి ఉద్యోగం ఏమైతాదో సూసుకోమను."

అప్పుడు నేను దారికి అడ్డంగా పోయి నిలబడి అన్నాను: "నిధి లేదు కృష్ణప్పా. ఎప్పుడూ లేదు. నీ గొర్రెలు చెనక్కాయ చేన్లో పడతాండాయని నలభై ఏండ్ల కింద అల్లిన కత అది. పాలెగాడూ లేడు, బిందెలూ లేవు, పాము కూడా లేదు. ముందు ఆ లైట్లు ఆర్పు."

కృష్ణప్ప కర్ర కింద పడేశాడు. బండ్ల లైట్లు ఒకటొకటిగా ఆరిపోయాయి. నలభై ఏళ్ళలో మొదటిసారి, మారు ప్రశ్న లేకుండా, ఆ మాటని ఆ ఐదుగురూ నమ్మారు.

"పాము కూడా లేదా?" అన్నాడు కృష్ణప్ప చీకట్లో. గొంతు చిన్నబోయింది. నిధి పోయినందుకు కాదు, పాము పోయినందుకే బాధపడ్డట్టున్నాడు. "మరి ఆ ఎర్ర బొట్లు? లైట్లు ఆర్పినాక తవ్వరని ఏం నమ్మకం?"

సుష్మ తన చేతివేళ్ళు ల్యాప్‌టాప్ ఎర్ర వెలుగులో చాపింది. గోళ్ళకీ రాళ్ళకీ ఒకటే రంగు.

నమ్మకం సంగతి చిన్నమ్మ తేల్చింది. "గుండెక్కి కూచోండి అందురూ. మీరు పైన కూచోనుంటే మీ కింద ఎట్ల తవ్వుతాడు? నేల మీద మటుకు నడవొద్దండి, అది కదులుతాది."

అలా నలభై ఏళ్ళ నిధి మూత మీద కృష్ణప్పా, వాడి నలుగురూ, నేనూ వరసగా కూర్చున్నాం. కింద తెర మీద ఆ గీత మళ్ళీ మొదలైంది. మొదట్లో ఎగిరెగిరి పడింది, తర్వాత నెమ్మదించింది. గంటసేపు నేను నోరు తెరవలేదు. ఒక్క కథ కూడా చెప్పలేదు. కృష్ణప్పకి దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. చిన్నమ్మ చల్లబడిన మూట విప్పి వేడి మూట కట్టింది. గొట్టానికి కట్టేటప్పుడు పసిబిడ్డకి కుల్లాయి కట్టినట్టే కట్టింది. కాపలా అంటే ఇన్నాళ్ళూ దొంగ కోసం ఎదురుచూడటమే అనుకున్నాను. ఆ చిన్న గొట్టం చుక్కని పట్టుకోవాలని చూడదు, తప్పిపోకూడదని చూస్తుంది.

మధ్యలో యువరాజ్ "కాగితముందా?" అన్నాడు. ఎన్నో ఫోటో ఎన్ని గంటలకి తీశాడో రాసుకోవాలి. సుష్మ చేతిలో ఉన్నది ఇచ్చింది. వాడు ఎర్ర దీపం కింద వెనకవైపు రాసుకున్నాడు. ముందువైపు ఏముందో వాడు చూడలేదు. గుండు దిగాక నేను చూశాను. బదిలీ ఫారం. సంతకం జాగాలో సంతకం ఉంది.

చివరికి పంతొమ్మిది వచ్చాయి. అన్నీ కలిపితే ఇంకా బాగుంటుందట, అది తర్వాత పని. అక్కడికక్కడ ఒక్కదాన్ని తెర మీద పెద్దది చేసి చూపించాడు. గుండు దిగి అందరం చుట్టూ మూగాం. గీతలు లేవు. ప్రతి చుక్కా గుండ్రంగా ఉంది. పిల్లల చుట్టూ, తల్లి చుట్టూ, పొయ్యి రాజేసిన ఇంటి మీద తెల్లారి ఆడే పొగ లాగా సన్నగా, నీలంగా ఉంది. కృష్ణప్ప తల పైకెత్తి ఆకాశంలో చూశాడు, మళ్ళీ తెర చూశాడు, మళ్ళీ పైకి చూశాడు.

"మన కోడేనా ఇది?" అన్నాడు.

"మన కోడే కృష్ణప్ప మామా" అన్నాడు యువరాజ్. వాడు నవ్వగా చూడటం నేను అదే మొదలు.

ఆ ఫారం సచివాలయానికి పోలేదు. వెనక అంతా నంబర్లు రాసినదాన్ని ఎవరు తీసుకుంటారు? ఇంకో ఫారం నింపొచ్చు, సుష్మ నింపలేదు. యువరాజ్ ఇప్పటికీ అమావాస్యకి వస్తాడు. శనివారం కూడా వస్తాడు. వచ్చినప్పుడు, "మామా, ఈ వారం ఏం కత?" అని వాడే అడుగుతాడు. గుండుకాడికి బండ్ల లైట్లు రాకుండా దారి మీద కాపలా నాది. ఆ పని నాకు సుష్మే పెట్టింది.

ఇదంతా రాసి సుష్మ చేతికిచ్చాను. ఆమె చిన్నమ్మకి చదివి వినిపించింది. గోవిందు చెప్పుల దగ్గర చిన్నమ్మ నవ్వింది. తన నడుం పట్టుకున్న చోట నన్ను తిట్టింది. హెడ్‌లైట్ల దగ్గరికొచ్చేసరికి ఊరికే వింది. సుష్మ ఆపి, "అమ్మా, ఈడ ఇట్ల రాసినాడే?" అంది. చిన్నమ్మ చాటలో బియ్యం ఏరుకుంటూ, "బాగుండాదిలే. అట్లనే ఉండనీ" అంది.

అట్లనే ఉంచుదామని రెండు రోజులు చూశాను. నా వల్ల కాలేదు. ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే. గోవిందు చెప్పులు నిజం, కుబుసం అబద్ధమని అప్పుడే ఒప్పుకున్నాను. ఆ రాత్రి దారికి అడ్డంగా పోయి నిలబడింది నేను కాదు. ఉప్పు మూట చేత్తో పట్టుకుని నా చెప్పులతో పోయి నిలబడింది చిన్నమ్మ. "నిధి లేదు కృష్ణప్పా, ఎప్పుడూ లేదు, ఈయన అల్లిన కత అది" అన్నది చిన్నమ్మ. నేనన్నానంటే ఒక్కసారికే ఎవరు నమ్ముతారు? మీకు అక్కడే అనుమానం వచ్చుండాలి. సుష్మ నా మొహంలోకి చూసి నిజమేనా అని అడిగినప్పుడు, నలభై ఏళ్ళు ఊరినంతా కూర్చోబెట్టి చెప్పిన నోరు, గుండు పక్కన మూతపడి ఉంది. ఆ మాట నేను అనడం ఇదే మొదటిసారి. నిధి లేదు కృష్ణప్పా.